గుండెదడతో వంశధార దాటిన కథ

శ్రీకాకుళం ఎందుకు పోయినారు, అక్కడేముంది అని తిరిగొచ్చినప్పటి నుంచి అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. రైలు వేళలు, లాడ్జి వివరాలు ఇందులో ఉండవు. అవి ఫోనులో దొరుకుతాయి. నేను చూసిన మనుషులు మాత్రం ఫోనులో దొరకరు.

మాది కర్నూలు. ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పుతాను. పదిహేడేళ్ళుగా ఇదే పని. నాతో వచ్చింది మా పెద్దన్న భార్య పద్మావతి వదిన. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైంది. అరవై ఒకటో ఏట ఆమెకు కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. నా దగ్గరే చేరి, మూడు నెలల్లో లైసెన్సు తెచ్చుకుంది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. ఉప్పు తేవాలన్నా కారు తీస్తుంది.

ఆమెతో ట్రైనింగ్ కాలేజీలో చదివిన సావిత్రమ్మగారు శృంగవరపుకోటలో ఉంటారు. వాళ్ళాయనకు కంటి ఆపరేషనయ్యి, ఇంట్లో చిన్న కారు ఊరికే పడి ఉంది. ఫిబ్రవరిలో ఆవిడ ఫోన్ చేసి, వచ్చి నాలుగు రోజులు తిప్పి పెట్టండి, బ్యాటరీ చచ్చిపోతోంది అన్నారు. వదిన ఆ రోజే రైలు టికెట్లు చూసింది.

ఎస్.కోట అంబలి

విజయనగరంలో రైలు దిగి, బస్సులో ఎస్.కోట చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. శృంగవరపుకోట అన్న పూర్తి పేరు బోర్డుల మీదే ఉంది. మనుషుల నోట్లో అంతా ఎస్.కోటే. ఊరి వెనక కొండలు చాలా దగ్గరగా కనిపిస్తాయి. మా వైపు కొండలు బండరాళ్ళు, ఇవి చెట్లు కప్పుకుని ఉన్నాయి.

సావిత్రమ్మగారు మొదట చేతిలో పెట్టింది చోడి అంబలి. చోళ్ళంటే మన రాగులే. మేము వాటిని ముద్ద చేసి తింటాం, వీళ్ళు పలచగా కాచి, పులియబెట్టి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. సంగటి తిన్నాక కాసేపు పడుకోవాలనిపిస్తుంది. అంబలి తాగితే లేచి ఎక్కడికైనా పోవాలనిపించింది. అలాగే సంతకు పోయాం.

సంతలో కొండమీది నుంచి వచ్చినవాళ్ళు చింతపండు, పసుపు, అడ్డాకులు పెట్టుకుని కూర్చున్నారు. ఒకాయన చేతులకు నూనె రాసుకుని లేత పనసకాయను కత్తితో పొట్టుగా కొడుతున్నాడు. ఆ చప్పుడు వింటూ అక్కడే నిలబడిపోయాం. పక్కన ఒక ముసలమ్మ చుట్ట కాలుస్తోంది. కాలే కొస నోట్లో, చల్లగా ఉన్న కొస బయట. వదిన భయపడి, నోరు కాలదా అవ్వా అని అడిగింది. ఆవిడ చుట్ట తియ్యకుండానే నవ్వి, అరవయ్యేళ్ళ నుంచి కాలలేదంది. నోరా, చుట్టా అన్నది మాకు అర్థం కాలేదు. ఆ మధ్యాహ్నం ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిన్నాను. ఆవ ఘాటు ముక్కులోకెక్కి కళ్ళనీళ్ళు కారుతుంటే సావిత్రమ్మగారు సంతోషంగా ఇంకో గరిటె వేశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అప్పటికి వదినకు కూడా తెలియని సంగతి.

ఏడాదిన్నర కిందట ఒక ఉదయం తుంగభద్ర వంతెన మీద ఒకమ్మాయికి కారు నేర్పుతున్నాను. అమ్మాయి చక్కగా నడుపుతోంది. ఎదురుగా బండ్లు కూడా లేవు. ఉన్నట్టుండి నా గుండె పరుగెత్తడం మొదలుపెట్టింది. అరచేతుల్లో చెమట, వేళ్ళ చివర తిమ్మిరి, గొంతులో ఏదో అడ్డం పడినట్టు. గాలి పీలుస్తున్నాను గాని అందడం లేదు. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. చచ్చిపోతున్నానని నాకు ఖాయంగా తెలిసిపోయింది. ఆసుపత్రికి పోనిమ్మన్నాను. అక్కడ పరీక్షలన్నీ చేసి, మీ గుండె రాయిలా ఉంది అన్నారు. తర్వాత ఇంకో మూడుసార్లు వచ్చింది. మూడోసారి చూసిన డాక్టరమ్మ నిదానంగా ఏమేం వస్తున్నాయో అడిగి రాసుకుని, దీన్ని పానిక్ అటాక్ అంటారమ్మా అని చెప్పింది. పది నిమిషాల్లో పైకెక్కి, అరగంటలో దిగిపోతుంది, ప్రాణం తియ్యదు అంది. కొన్నాళ్ళు మందులు, కొన్నాళ్ళు ఆమెతో మాటలు. చాలా తగ్గింది. కారులో వంతెనల దగ్గర మాత్రం నేను ఆగిపోయాను.

ఎవరికీ చెప్పలేదు. డ్రైవింగ్ మేడంకే భయమంట అని తెలిస్తే నా దగ్గర ఎవరు నేర్చుకుంటారు? నేను మైదానంలో నేర్పి, రోడ్డు మీదికి నా దగ్గర పనిచేసే సునీతను పంపుతున్నాను. వదినకూ అలాగే చేశాను. ఈ ప్రయాణంలో ఆమె నడుపుతుంది, నేను పక్కన కూర్చుంటాను అని ఒప్పుకున్నాను. వంతెనలొస్తే కళ్ళు మూసుకుని దాటేయొచ్చు, కుదిరింది కదా అనుకున్నాను.

నాగావళి మీద అబద్ధం

రెండో రోజు ఎస్.కోట నుంచి విజయనగరం మీదుగా శ్రీకాకుళం బయలుదేరాం. ఒక పల్లెలో అరుగు మీద కూర్చున్నాయన చెయ్యెత్తి, గుంటొస్తంది సూసుకోండమ్మా అని అరిచాడు. వదిన వేగం తగ్గించి రోడ్డంతా గాలించింది. ఎక్కడా గుంట లేదు, తారు నున్నగా ఉంది. నేనూ తల బయటపెట్టి కిందికి చూస్తున్నాను. తీరా తలెత్తితే పన్నెండేళ్ళ పిల్ల ఒకతి రెండు మేకలతో కారు ముందు నిలబడి మమ్మల్ని వింతగా చూస్తోంది. వదిన బ్రేకు వేసింది. ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల అని, మేకలు పక్కకు పోయేలోపు ఆ పెద్దాయన వచ్చి చెప్పాడు. మరి రోడ్డు మీద గుంటను ఏమంటారని వదిన అడిగింది. గొయ్యంటాం, మీరు దానికేటంటారు అన్నాడాయన. వదిన చెప్పింది. ఆయన చాలాసేపు నవ్వాడు.

ఆ నవ్వులో నేను నాగావళిని మరిచిపోయాను. శ్రీకాకుళంలో వంతెన ఎక్కాక గుర్తొచ్చింది. మొదట అరచేతులు, తర్వాత గుండె. పెద్దగా రాలేదు, వచ్చి తలుపు దగ్గర నిలబడినట్టుంది. ఉక్కగా ఉందని కిటికీ దించి, బ్యాగులో లేని కళ్ళజోడు వెతకడం మొదలుపెట్టాను. కళ్ళజోడు నా తలమీదే ఉందని వదిన చెప్పింది. వంతెన అయిపోయింది. నీకు నా డ్రైవింగంటే నమ్మకం లేదు కదా అంది వదిన. అదేం లేదన్నాను. ఆమె నమ్మలేదు. ఆ అలకతోనే ఒక హోటల్లోకి పోయాం. పూరీలోకి బొంబాయి చట్నీ పోశారు. సెనగపిండి చట్నీ వేడిగా, పుల్లగా ఉంది. ఉగ్గాని ఉందా అని వదిన అడిగితే వడ్డించే ఆయన లోపలికెళ్ళి వంటాయన్ని పిలుచుకొచ్చాడు. మా మరమరాల ఉప్మా గురించి ఇద్దరికీ వివరంగా చెప్పింది. మరమరాలు చిరుతిండి కదమ్మా, టిఫినెలగవుతాది అని వంటాయన బాధపడ్డాడు.

కళింగపట్నం

మూడో రోజు పొద్దున్నే కళింగపట్నం పోయాం. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవట. ఇప్పుడు లైట్‌హౌసు, ఇసుక, రంగు పడవలు, ఎండబెట్టిన చేపలు. వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది. మేమిద్దరం సముద్రం చూడటం ఏళ్ళ తర్వాత. వదిన చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలోకి పోయి, చీర మోకాళ్ళ దాకా తడుపుకుని వచ్చింది.

ఒడ్డున ఒకావిడ ఇసుక మీద పాత వలలు పరిచి నెత్తళ్ళు ఆరబెడుతోంది. చిన్న వెండి చేపలు, వేలెడంత ఉంటాయి. పేరు ఎర్రమ్మ. ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. కర్నూలు అన్నాం. సముద్రం ఎంత దూరమంది. రాత్రంతా రైల్లో రావాలన్నాం.

"సముద్రం నేదా?" అని చేతిలో పని ఆపేసింది. "మరి కూరకేటి సేస్తారమ్మా?"

మా మీద జాలితో కుప్పకు ఇంకో గుప్పెడు కలిపి యాభై రూపాయలే తీసుకుంది. ఎండుచేప ఎలా వండాలో వదినకు చెబుతూ, మధ్యలో పడవ నీడ వైపు చూసి, అడుగో మా ఆయన అంది. నలభై ఐదేళ్ళ మనిషి, గట్టి ఒళ్ళు, కూర్చుని వల బాగుచేస్తున్నాడు. పేరు నూకరాజు. మగవాళ్ళంతా వేటకు పోయిన వేళ ఈయన ఒక్కడే ఒడ్డున ఉన్నాడు. ఒంట్లో బాగుండదా అని మాట వరసకు అడిగాను.

"డాక్టరు బాబు గుండి బాగున్నాదంతాడు. ఈయనేమో సచ్చిపోతన్నానంతాడు," అంది ఎర్రమ్మ. "ఇద్దర్లో ఎవులి మాట నమ్మాలో మీరే సెప్పండి."

నూకరాజు తల ఎత్తలేదు. ఊరుకోవే అన్నాడు. ఆమె ఊరుకోలేదు. ఎనిమిది నెలలుగా పడవెక్కడం లేదని, పడవలో తన చోటు బావమరిదికి ఇచ్చేస్తానంటున్నాడని, వచ్చే సోమవారమే ఆ మాట తేల్చేస్తాడని చెప్పింది. తోటివాళ్ళు ఆయనకు గట్టు నూకరాజు అని పేరు పెట్టారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది.

నేను ఆయన పక్కన ఇసుకలో కూర్చున్నాను. మొదటిసారి ఎప్పుడొచ్చిందని అడిగాను. కాసేపు వల వేళ్ళతో తడుముకుని చెప్పాడు.

"వల లాగుతున్నామమ్మా. గాలి నేదు, అల నేదు. ఉన్నట్టుండి గుండి ఇంజన్లాగ కొట్టుకున్నాది. సెయ్యి తిమ్మిరెక్కిపోనాది. పక్కనున్నోలు మాటాడతంటే ఎక్కడో దూరంగా ఇనబడినాది. అయిపోనానులే అనుకున్నాను."

పడవ తిప్పించాడట. ఆ రోజు వేట పోయింది. ఒడ్డుకొచ్చేసరికి ఒంట్లో ఏమీ లేదు. పట్నంలో పరీక్షలన్నీ చేయించారు, అన్నీ బాగున్నాయన్నారు. ఆ తర్వాత పడవలో మరో రెండుసార్లు. నేను ఆయన చేతుల వైపు చూస్తూ అడిగాను. తిమ్మిరి వేళ్ళ చివర మొదలై మోచేతి దాకా వస్తుందా? నోరు ఎండిపోతుందా? ఇంటికి చేరితే చాలనిపించి, చేరేసరికి తగ్గిపోతే సిగ్గేస్తుందా? ఒక్కోదానికీ ఆయన తల ఊపుతూ, చివరిదానికి నా వైపు తిరిగాడు. ఇంట్లో అన్నం తింటుండగా కూడా ఒకసారి వచ్చిందని, ఇది సముద్రం మీద భయం కాదు, పిచ్చి అంటారని ఎవరికీ చెప్పలేదని అన్నాడు. ఎర్రమ్మ అది మొదటిసారి వింటోంది.

"మీకెలగ తెలుసమ్మా ఇయ్యన్నీ?" అన్నాడు.

వదిన నా వెనక నిలబడి ఉంది. ఎండుచేపల పొట్లం చేతిలో ఉంది. ఎవరో చుట్టాలామెకు వచ్చిందని చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన ఎనిమిది నెలలు ఒడ్డున కూర్చున్న మనిషి. నాది అబద్ధమైతే ఆయనకు తెలిసిపోతుందనిపించింది.

"నాకూ వస్తుంది," అన్నాను. "ఏడాదిన్నరగా."

ఆ తర్వాత అంతా చెప్పాను. తుంగభద్ర వంతెన, ఆసుపత్రి, డాక్టరమ్మ. దొంగ లేకపోయినా కుక్క మొరిగినట్టు ఒళ్ళు ఊరికే బెదురుతుందని, కుక్క మొరిగినంత మాత్రాన ఇల్లు దోచుకుపోయినట్టు కాదని ఆమె నాకు చెప్పినట్టే చెప్పాను. మొదటిసారి వచ్చినప్పుడు గుండె పరీక్ష తప్పకుండా చేయించాలి, ఎందుకంటే నిజం గుండెపోటు కూడా ఇలాగే మొదలవ్వచ్చు, మీరు చేయించారు కాబట్టి మంచి పని చేశారు, ఇక చూపించుకోవాల్సింది మనసు చూసే డాక్టరుకు అన్నాను. ఆయన వెంటనే వల పక్కన పెట్టాడు. నాను పిచ్చోణ్ణి కాదమ్మా అన్నాడు. నేనూ ఆ డాక్టరు దగ్గరికే పోయాను, ఇప్పటికి వెయ్యి మందికి పైగా కారు నేర్పాను, నేను పిచ్చిదానిలా కనిపిస్తున్నానా అని అడిగాను. ఆయన మర్యాదకు కాస్త ఆలోచించి, నేదన్నాడు.

ఎర్రమ్మ మాత్రం ఒక్క మాటే పట్టుకుంది. దానికి ఒక పేరుందా అని అడిగింది. పానిక్ అటాక్ అన్నాను. రెండుసార్లు నాతో చెప్పించుకుని తానూ అంది.

"పేరున్నాదంటే ముందు ఇంకెవులికో వచ్చినాదన్నమాట," అంది. "మందు కూడా ఉంటాది."

వెళ్ళేముందు నూకరాజుకు ఇంకొకటి చెప్పాను. పడవలో ఒక్కరికైనా చెప్పండి, వచ్చినప్పుడు దాచుకోవాలని చూస్తే ఇంకా పెరుగుతుంది అని. వాళ్ళకి చెబితే నవ్వుతారన్నాడు. నేనూ ఆ భయంతోనే దాచాను. నేను చెప్పింది కూడా ఆ రోజే కదా. నా నంబరు ఎర్రమ్మ తన ఫోనులో కర్నూలమ్మ అని ఎక్కించుకుంది.

వదిన లెక్క సరిచేసింది

కారెక్కి వదిన శ్రీకాకుళం దారి పట్టింది. సింగుపురం దాటాక కారు రోడ్డు పక్కకు తీసి, ఇండికేటర్ వేసి మరీ ఆపింది. నేను నేర్పినట్టే.

"మనవడి బారసాలకు మహబూబ్‌నగర్ రాలేదు నువ్వు," అంది. "అందుకేనా?"

అందుకే. కారులో వంతెన దాటాలి. పనుందని చెప్పి తప్పించుకున్నాను.

"నీకు పొగరని మన చుట్టాలందరికీ చెప్పినా."

"నాకు తెలుసు వదినా."

"తెలిసి గూడా గమ్మునున్నావా?"

ఉన్నాను. భయమనుకోవడం కంటే పొగరనుకోవడమే నయమనిపించింది. వదిన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వెనక గడ్డి బండి తోలుకొచ్చినాయన కాసేపు చూసి, చివరికి దిగి కిటికీలోంచి తొంగి చూసి, ఏటైనాదమ్మా, పెట్రోలైపోనాదా అన్నాడు. ఇద్దరం నవ్వడం మొదలుపెట్టేసరికి ఆయన ఇంకా కంగారుపడి బండి తోలుకుని పోయాడు. వదిన కళ్ళు తుడుచుకుని, ఇప్పుడు చుట్టాలందరికీ మళ్ళీ ఫోన్ చెయ్యాల, ఎంతమందికి చెప్పినానో గుర్తు చేసుకోవాల అంది. నువ్వు ఒప్పుకుంటేనే అని కూడా అంది. చెప్పమన్నాను.

ఆ రాత్రి లాడ్జిలో బడి పిల్లలను అడిగినట్టు నన్ను అడిగింది. మొదట ఏమొస్తుంది, తర్వాత ఏమొస్తుంది, ఎంతసేపు ఉంటుంది, నేనేం చెయ్యాల, ఏం చెయ్యకూడదు. అన్నీ చెప్పాను. ఏం కాదులే, ధైర్యంగా ఉండు అని మాత్రం అనొద్దన్నాను. అదే అనేదాన్ని అని ఒప్పుకుంది.

భావనపాడు ఇసుక

నాలుగో రోజు భావనపాడు ప్రయాణం. జాతీయ రహదారి మీద వంశధార వంతెన రాగానే వదిన ముప్ఫైకి తగ్గించి, నిమిషానికోసారి నా మొహం చూసింది. రోడ్డు చూడు వదినా అని నేను. వెనక లారీలన్నీ హారన్లు. వంతెన దాటాం. నాకు ఏమీ రాలేదు, చెమట కూడా పట్టలేదు. వదిన జాకెట్టు మాత్రం తడిసిపోయింది. ఏంది, రాలేదా అంది, ఊరికే ఎదురుచూసినట్టు.

టెక్కలి దాటాక నౌపడ దగ్గర ఉప్పు మళ్ళు చూశాం. గట్ల మీద తెల్లటి కుప్పలు, మధ్యలో కాళ్ళకు నీళ్ళు తగులుతూ మనుషులు. భావనపాడు తీరం పొడుగ్గా, ఖాళీగా ఉంది. అక్కడ ఒక ఇంట్లో అడిగితే చేపల పులుసు చేసిపెట్టారు. మా పులుసుకంటే కారం తక్కువ, చింతపండు ఎక్కువ. వేడి అన్నంలో వదిన మూడుసార్లు పోయించుకుంది. చేపల రుచి చూసి ఉత్సాహం వచ్చి, కారును ఇంకాస్త ముందుకు, సముద్రం కనిపించేదాకా తీసుకుపోతానంది. వద్దని మూడుసార్లు చెప్పాను. ముందు చక్రాలు ఇసుకలో సగం దిగాయి. ఆమె ఆక్సిలరేటర్ తొక్కే కొద్దీ ఇంకా దిగాయి. వల మోసుకెళ్తున్న ఆరుగురు వచ్చి, చక్రాల కింద కొబ్బరి మట్టలు వేసి, ఒక పాట అందుకుని, పాటలో మాట విరిగే చోటల్లా ఒక్క తోపు తోశారు. పడవ ఒడ్డుకు లాగే పద్ధతి అదే. నాలుగో తోపుకు కారు గట్టి నేలెక్కింది. ఏమిమ్మంటారంటే టీ తాగించమన్నారు. టీ తాగుతూ, ఇంత తేలికైన పడవ మేమెప్పుడూ లాగలేదన్నాడొకాయన.

వంశధార

అది వచ్చింది తిరుగు ప్రయాణంలో. రాత్రి టెక్కలిలో ఉండి పొద్దున్నే బయలుదేరాం, ఎండ బాగుంది, నేను వదినకు ఇసుకలో కారు నడపడం గురించి పాఠం చెబుతున్నాను. వంతెన మీద ఉన్నామన్న ధ్యాస కూడా లేదు. మాట మధ్యలో నా నోరు ఎండిపోయింది. గుండె ఒక్క ఊపున లేచింది. పక్కన నీళ్ళు, రెయిలింగు, లారీ అన్నీ గాజు అవతల ఉన్నట్టు కనిపించాయి.

"వదినా, వచ్చింది," అన్నాను.

ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. వదిన నా వైపు చూడలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, నలభైలోనే, ఎడమ పక్కనే నడుపుతూ, ముప్ఫై మూడేళ్ళు హాజరు పిలిచిన గొంతుతో అడిగింది.

"ఏమేం వచ్చినాయో ఒక్కొక్కటే చెప్పు. గుండె?"

"వచ్చింది."

"వేళ్ళు?"

"తిమ్మిరి."

"ఊపిరి నిదానంగా బయటికి వదులు. నేను అంకెలు చెప్తా. గొంతు?"

గొంతు కూడా వచ్చిందన్నాను. చచ్చిపోతాననిపిస్తోందా అని అడిగింది, నిన్నటి పాఠం చదివినావా అన్నంత మామూలుగా. అనిపిస్తోందన్నాను. సరే, అది కూడా వచ్చినట్టే, ఇంకెవరైనా మిగిలినారా అంది. నాకు నవ్వొచ్చింది. గుండె అంత వేగంగా కొట్టుకుంటుంటే నవ్వు కూడా రావచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. అది తగ్గలేదు. నవ్వినంత మాత్రాన తగ్గే జబ్బు కాదు. కాని ఇదేమిటో నాకు తెలుసు, పక్కన కూర్చున్న మనిషికీ తెలుసు. ఆమె అంకెలు చెబుతుంటే ఊపిరి వదులుతూ కూర్చున్నాను. వంతెన దాటింది.

అవతల కొబ్బరిబోండాలమ్మే ఆయన దగ్గర ఆపింది. ఆయన నా మొహం చూసి స్టూలు తెచ్చి వేశాడు, లేత బోండాం కొట్టిచ్చాడు. వదిన వాచీ చూసుకుంటూ నిలబడింది. పావుగంటకు చేతులు వెచ్చబడ్డాయి. అరగంటకు ఆకలేసింది. పక్క బండిలో రెండు ఇడ్లీలు తిని, ఇంకో గంట చెట్టు కింద కూర్చున్నాం.

లేచేటప్పుడు తాళం నేను అడిగాను. వదిన నన్ను చూసి ఇచ్చింది. శ్రీకాకుళం దాటేదాకా నేను నడిపాను. నాగావళి వంతెన ముందు కొంచెం అరచేతులు తడిశాయి. ఎక్కాను. మధ్యలో ఒక ఆటో ఇండికేటర్ లేకుండా నా ముందుకు దూరింది. వాణ్ణి తిట్టుకుంటూ ఉండగానే వంతెన అయిపోయింది. ఏడాదిన్నర తర్వాత నేను కారు నడుపుతూ నది దాటాను. నది ఎలా ఉందో మాత్రం చూసుకోలేదు. నీళ్ళు తక్కువగానే ఉన్నాయిలే అని వదిన చెప్పింది.

ఇంటికొచ్చాక

కర్నూలు చేరాక తుంగభద్ర వంతెన నాలుగుసార్లు దాటాను. ఒకసారి వచ్చింది, మూడుసార్లు రాలేదు. సునీతకు చెప్పాను. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెబుతున్నాను. ఇద్దరు మానేశారు. ఉన్నవాళ్ళలో ఒకామె మాత్రం నా చెయ్యి పట్టుకుని, మేడం, నాకు లిఫ్టులో ఇట్లే అయితుంది అంది. ఆమెను మా డాక్టరమ్మ దగ్గరికి పంపాను.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఎర్రమ్మ ఫోన్ చేసింది. సోమవారం పడవ చోటు సంగతి తేలలేదని, ఆమే తేలనివ్వలేదని, దానికి ముందే ఆయన్ను పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయిందని చెప్పింది. మూడు వారాలు మందులు వాడి, మొన్న వేటకు పోయాడట.

"మజ్జిలో వచ్చినాదంటమ్మా. వచ్చినాది, కాసేపు ఊరుకోండ్రా అని సెప్పి కూకున్నాడంట. మిగిలినోలు వల లాగినారంట. పోనాక లేసి ఈయనా లాగినాడంట."

ఎవరూ నవ్వలేదా అని అడిగాను. నవ్వారట. నవ్విన వాళ్ళలోనే ఇద్దరు ఆ సాయంత్రం ఒకరికి తెలియకుండా ఒకరు వాళ్ళింటికొచ్చి, నీకెలగుంటాదిరా అని నూకరాజును చాటుగా అడిగారట. గట్టు నూకరాజు అని పేరు పెట్టినవాడే ముందు వచ్చాడట. గుండె పరీక్ష ముందు చేయించుకోమనండి, అది తప్పకూడదు అన్నాను.

"ఆటో మాటాడేసినాను," అంది ఎర్రమ్మ. "రేపు పొద్దున్న ఇద్దర్నీ అందులో ఎక్కిస్తాను. ఒకడు వస్తన్నాడని ఇంకొకడికి సెప్పలేదు."